పూటకోచోట తగిలే పాయింట్ టూటూ రైఫిల్: ఛాసిస్ మార్చాక ఏమైందంటే

కర్నూలు ఎండలో నా పాయింట్ టూటూ (0.22 అంగుళాల తూటా) బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించేది, పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఇంకోచోట కొట్టేది. దాని స్టాక్, అంటే బ్యారెల్‌నీ మిగతా లోహపు భాగాల్నీ పట్టి ఉంచే చట్రం, కొయ్యది. 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగు వెడల్పు 10.4 మిల్లీమీటర్లే, కాబట్టి ఆ తేడా స్కోరులో బాగా తెలిసిపోతుంది. స్కోప్ (గురి చూసే దుర్భిణి) మౌంట్లు బిగించా, తూటాలు మార్చా, బ్యారెల్ శుభ్రం చేశా, లాభం లేదు.

చివరికి కొయ్య స్టాక్‌కు బదులు వాడే అల్యూమినియం చట్రం, అంటే ఛాసిస్, కొన్నా. చూడాల్సింది అందం కాదు, మన యాక్షన్ (బోల్ట్ కదిలే లోహపు భాగం) అందులో కూర్చుంటుందా అన్నది. రెమింగ్టన్ 700 అనే రైఫిల్ కొలతకు చేసినవే ఎక్కువ దొరుకుతాయి, మన మోడల్ పేరు ఉంటేనే తీసుకోవాలి.

అసలు పని బిగింపులో ఉంది. ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసి, బోల్ట్ తీసేశా. యాక్షన్‌ను ఛాసిస్‌లో పెట్టి, బట్ (వెనక కొన) నేలకానించి నిలబెట్టా. రీకాయిల్ లగ్ (పేలినప్పటి వెనకతన్నును ఛాసిస్‌కు ఆనించే దిమ్మ) వెనక్కి ఆనేలా నొక్కిపట్టి, మొదట ముందువైపు స్క్రూ, తర్వాత వెనకవైపు స్క్రూ వేళ్లతోనే తిప్పా. ఆపైన టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించాలో పెట్టుకునే పానాతో) అదే వరుసలో మొదట సగం, తర్వాత తయారీదారు చెప్పినంత. తొందరపడి ఒకదాన్నే పూర్తిగా బిగించొద్దు. బ్యారెల్ ఛాసిస్‌కు తగలడం లేదని చూడ్డానికి దాని కింద పది రూపాయల నోటు జరిపా, ఎక్కడా తట్టకుండా జారింది. స్కోప్ మళ్లీ జీరో చేశా, అంటే గురి పెట్టిన చోటే తూటా తగిలేలా సర్దా.

ఇప్పుడు మధ్యాహ్నం కూడా గ్రూపు (తూటాలు పడే గుంపు) కదలడం లేదు. నా పాత కొయ్య స్టాక్ బ్యారెల్‌కు తగులుతుండేదేమో, అందుకే కుదిరిందనుకుంటా. బ్యారెల్ అరిగి ఉంటే ఇది పనిచేయదు. బరువు కూడా పెరిగింది, నిలబడి కాల్చేవాళ్లకు చేయి లాగుతుంది.