మాట్లాడుకునే వాహనాలు – 4వ పాఠం: రెండు సందేశాల నుంచి ఒక హెచ్చరిక

పోయిన పాఠంలో బేసిక్ సేఫ్టీ మెసేజ్‌లో, అంటే వాహనాలు ఒకదానికొకటి రేడియోలో పంపుకునే సందేశంలో, ఏయే వివరాలు ఉంటాయో చూశాం. ఈసారి కాగితం, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. రెండు కార్ల సందేశాలు తీసుకుని, వెనక కారు ఎన్ని సెకన్లలో ముందు కారును గుద్దుతుందో మనమే లెక్కకడదాం. ఈ లెక్క ఒక్కసారైనా చేత్తో చేస్తే, సాఫ్ట్‌వేర్ తప్పుడు హెచ్చరిక ఇచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

చోటు అమెరికాలోని ఆన్ ఆర్బర్. 2012లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడ దాదాపు 3,000 వాహనాలకు రేడియో పరికరాలు అమర్చి, రోజూ తిరిగే రోడ్ల మీదే పరీక్షించారు. ఒక్కో వాహనం సెకనుకు 10 సార్లు తన స్థానం, వేగం, దిశ చుట్టుపక్కల వాహనాలకు పంపేది. కింది అంకెలు అభ్యాసం కోసం నేను వేసుకున్నవి. కొలతలు మాత్రం ఈ సందేశాల రూపాన్ని నిర్ణయించే ఎస్ఏఈ జే2735 ప్రమాణం ప్రకారమే ఉన్నాయి.

మన కారు: రేఖాంశం −837400000, వేగం 1000, దిశ 7200, పొడవు 460.
ముందు కారు: రేఖాంశం −837395000, వేగం 600, దిశ 7200, పొడవు 460.

అక్షాంశం రెండిటికీ ఒకటే, 422800000. సమయం కూడా ఒకటే.

మొదట వేగం చూద్దాం. ఒక్కో అంకె 0.02 మీ./సె. అంటే మనది 20, ముందు కారుది 12. సెకనుకు 8 మీటర్ల చొప్పున దగ్గరవుతున్నాం. ఆ గడిలో 8191 కనిపిస్తే అది వేగం కాదు, సమాచారం లేదని గుర్తు. దాన్ని లెక్కలోకి తీసుకుంటే కారు గంటకు 590 కి.మీ. వేగంతో పోతున్నట్టు తేలుతుంది. దిశలో ఒక్కో అంకె 0.0125 డిగ్రీ, కాబట్టి రెండూ తిన్నగా తూర్పుకే వెళ్తున్నాయి.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది దూరం దగ్గరే. రేఖాంశంలో తేడా 5000. ఒక్కో అంకె డిగ్రీలో కోటో వంతు కాబట్టి 0.0005 డిగ్రీ. భూమధ్యరేఖ మీద ఒక రేఖాంశ డిగ్రీ సుమారు 1,11,320 మీటర్లు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అది కుంచించుకుపోతుంది కనుక అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. ఆన్ ఆర్బర్‌లో 0.74 పెడితే 41.2 మీటర్లు వస్తుంది. హైదరాబాద్‌లో అవే అంకెలకు కొసైన్ 0.954, దూరం 53 మీటర్లు! ఒక ఊరి కోసం రాసిన ప్రోగ్రామును ఇంకో ఊళ్లో వాడేముందు ఈ గుణకం చూసుకోండి.

సందేశంలోని స్థానం కారు మధ్య బిందువుది. పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది, అందుకని రెండు కార్ల సగం పొడవులు కలిపి 4.6 మీటర్లు తీసేయాలి. మిగిలిన ఖాళీ 36.6 మీటర్లు. 36.6 ÷ 8 = సుమారు 4.6 సెకన్లు. డ్రైవర్ తేరుకోవడానికి తగినంత సమయమే.

ఇప్పుడు ముందు కారు సందేశంలో త్వరణం −400 అని వచ్చిందనుకోండి. ఒక్కో అంకె 0.01 కాబట్టి అది సెకనుకు 4 మీ./సె. చొప్పున వేగం తగ్గించుకుంటోంది, గట్టిగా బ్రేకు వేసింది. కాలాన్ని 8తో గుణించి, దానికి కాలం వర్గాన్ని రెట్టింపు చేసి (4లో సగం 2 కాబట్టి) కలపండి. ఆ మొత్తం 36.6 ఎప్పుడవుతుందో చూడాలి. 2 సెకన్లకు 16 + 8 = 24. 3 సెకన్లకు 24 + 18 = 42. 2.7 దగ్గర 36.2 వస్తుంది. అంటే గడువు 4.6 నుంచి 2.7 సెకన్లకు పడిపోయింది.

ఈ పరిశోధన మీద నాకు ఇంత గురి కుదరడానికి కారణం ఈ తేడాయే. రెండు కార్ల మధ్య ఒక లారీ ఉంటే రాడార్‌కు గానీ కెమెరాకు గానీ ఆ ముందు కారు కనిపించదు. రేడియో సందేశం మాత్రం సాధారణంగా అందుతుంది. లారీ డ్రైవర్ బ్రేకు వేయకముందే మనకు సంగతి తెలుస్తుంది.

జీపీఎస్ పొరపాటు సంగతి కూడా చూడాలి. మొదటి లెక్కలో ఖాళీ 2 మీటర్లు తప్పితే గడువులో తేడా పావు సెకనే. అదే 2 మీటర్లు పక్కకు తప్పితే ముందు కారు మన వరుసలో ఉందో పక్క వరుసలో ఉందో తేల్చలేం. దీన్ని ఆరో పాఠంలో విడిగా చూద్దాం.

అభ్యాసం: బ్రేకు లేని మొదటి లెక్కే మళ్లీ చేయండి. ఈసారి మన కారు సమయం గడిలో 200, ముందు కారుదాంట్లో 59900 ఉన్నాయి. రెండూ మిల్లీసెకన్లే. పాత సందేశం వచ్చాక ముందు కారు ఎంత దూరం జరిగిందో ఖాళీకి కలపండి. జవాబు సుమారు 5 సెకన్లు రావాలి. మీకు దాదాపు నిమిషం తేడా వస్తే, ఆ గడి ప్రతి నిమిషం మొదట్లో సున్నాకు వెళ్తుందని గుర్తుచేసుకుని మళ్లీ చేయండి.