అనుబంధ సంస్థకు ఉద్యోగిని బదిలీ చేసే ముందు

ఒకే గ్రూపులో ఉన్నా రెండు కంపెనీలు చట్టం దృష్టిలో వేర్వేరు యజమానులే గనుక, నియామక పత్రంలోని బదిలీ నిబంధన శాఖలకే పరిమితమా, గ్రూపు సంస్థలకూ వర్తిస్తుందా అన్నది ముందుగా చూడాలి. ఉద్యోగి సమ్మతి లేకుండా మరో యజమాని కిందికి మార్చడం కుదరదని భారత సుప్రీంకోర్టు 1989లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం కేసులో స్పష్టం చేసింది. కాబట్టి రెండు సంస్థలూ, ఉద్యోగీ కలిసి సంతకం చేసే త్రైపాక్షిక ఒప్పందమే మేలైన మార్గం. "పాత సంస్థలో చేరిన తేదీ నుంచి సర్వీసు అంతా గ్రాట్యుటీకి, సెలవులకు లెక్కలోకి వస్తుంది" అనే వాక్యం అందులో తప్పక ఉండాలి; అది లేకుండా రాజీనామా రాయించుకుని కొత్త నియామక పత్రం చేతికిస్తే, ఏళ్ల తరబడి చేసిన సర్వీసు తెగిపోయే ప్రమాదం ఉంది, అది అన్యాయం కూడా. భవిష్య నిధి ఖాతాను సైతం మార్పించాలి. కొంతకాలానికే పంపేటట్లయితే, సమ్మతి తీసుకుని డిప్యుటేషన్ ఉత్తర్వు ఇస్తూ, జీతం ఎవరిస్తారో, క్రమశిక్షణాధికారం ఎవరిదో, తిరిగి వచ్చే తేదీ ఏదో రాయాలి.