స్కీ మాట వినట్లేదా? మళ్ళీ డ్రిల్ పెట్టేముందు బైండింగ్ ప్లేస్ ఇలా చెక్ చేస్కోండి

స్కీ టర్న్ తిరగట్లేదు, మెత్తటి మంచులో టిప్ దిగబడిపోతోంది, తోక పట్టేస్కుని వదలట్లేదు... ఇలాంటిది ఏదైనా వస్తే చాలామంది ముందు అనేది "బైండింగ్ తప్పు చోట బిగించారు" అనే. బైండింగ్ అంటే బూట్‌ని స్కీకి పట్టి ఉంచే భాగం. కొన్నిసార్లు నిజంగానే అది తప్పు చోట ఉండటమే కారణం. కానీ స్కీలో ఒకసారి హోల్ పెట్టాక అది లేనట్టు చేయలేం, అందుకే డ్రిల్ జోలికి వెళ్ళేముందు మిగతావి ఒక్కొక్కటీ తేల్చుకోవాలి. నేను ఒక జతకి తొందరపడి రెండు సెంటీమీటర్లు వెనక్కి రీమౌంట్ (బైండింగ్ తీసి కొత్త చోట బిగించడం) చేయించా, అయినా తోక పట్టేయడం ఆగలేదు, చివరికి చూస్తే ట్యూనింగ్‌లో (స్కీకి పదును పెట్టడంలో) ఎడ్జ్ మీద, అంటే అడుగు అంచున ఉండే స్టీల్ పట్టీ మీద, సన్నటి బర్ (లోహపు ముల్లు) వదిలేశారు, దాన్ని రాయితో రుద్దితే ఐదు నిమిషాల్లో పోయింది. స్కీకి మాత్రం రెండో సెట్ హోల్స్ మిగిలాయి.

ముందు కొలతలు

సమస్య ఏదైనా సరే ఇక్కడే మొదలుపెట్టండి. బూట్ సోల్ పక్కన ఒక చిన్న గీత ఉంటుంది, అది సోల్‌కి సరిగ్గా మధ్య. స్కీ మీద కంపెనీ వేసిన గీత ఇంకోటి ఉంటుంది, కొన్ని మోడల్స్‌కి రెండు మూడు గీతలు కూడా ఉంటాయి. బూట్‌ని బైండింగ్‌లో పెట్టి లాక్ చేసి ఈ రెండు గీతలు ఎదురెదురుగా వచ్చాయా చూడండి. బూట్ మీద గీత చెరిగిపోతే మడమ దగ్గర సోల్ పొడవు మిల్లీమీటర్లలో అచ్చు వేసుంటుంది, 305 అనో 315 అనో, అందులో సగం టేపుతో కొలిచి మార్కర్‌తో గీస్కోండి.

తర్వాత స్కీ టిప్ నుంచి తోక దాకా టేపు తిన్నగా లాగి పట్టుకుని, అంటే వంపు వెంబడి కాకుండా, సగం ఎక్కడొస్తుందో గుర్తు పెట్టండి. బూట్ మధ్య గీత దానికి ఎన్ని సెంటీమీటర్లు వెనక ఉందో అదే మీ మౌంట్ నంబర్. తొమ్మిది వెనకుంటే మైనస్ 9 అంటారు. ముందుకే దూసుకెళ్ళే మామూలు స్కీలు సుమారు మైనస్ 8 నుంచి 12 మధ్యలో ఉంటాయి, జంప్‌లకీ వెనక్కి జారడానికీ చేసినవి సున్నాకి దగ్గర్లో ఉంటాయి, రెంటికీ మధ్యరకం మైనస్ 5, 6, 7 అలా. ఈ నంబర్ ఎందుకంటే, పార్క్ కోసం, అంటే జంప్‌లూ ట్రిక్కులూ చేసే చోటు కోసం, చేసిన స్కీ కొనుక్కుని అది లోతు మంచులో మునుగుతోందని బాధపడితే అక్కడ తప్పు మౌంట్‌ది కాదు, ఆ స్కీ స్వభావమే అంత.

మెత్తటి మంచులో టిప్ మునుగుతోంది

బూట్ మరీ ముందుకి ఉంటే బరువు ముందుభాగం మీద పడి టిప్ తేలదు. కానీ ఇదే లక్షణం ఇంకో రెండు చోట్ల నుంచి కూడా వస్తుంది. ఒకటి, స్కీ మీ బరువుకి పొట్టిదో సన్నదో అయ్యుండొచ్చు. రెండోది చాలామంది చూడనిది, బైండింగ్‌లో మడమ భాగం వేలి భాగం కంటే ఎంత ఎత్తులో ఉందనేది. ఈ తేడాని డెల్టా అంటారు, పిన్ బైండింగ్స్ (బూట్‌ని పిన్నులతో పట్టుకునే టూరింగ్ రకం) కొన్నింట్లో ఇది బాగా ఎక్కువ ఉంటుంది. మడమ ఎత్తుగా ఉంటే మౌంట్ కరెక్ట్‌గా ఉన్నా సరే మనిషిని ముందుకి తోస్తుంది. కాబట్టి గీత కంపెనీ మార్క్ మీదే ఉందంటే, బైండింగ్‌ని కదపకముందు వేలి భాగం కింద ఆ మోడల్‌కే చేసిన షిమ్ (ఎత్తు పెంచే పలచటి పలక) దొరుకుతుందేమో అడగండి. గీత మార్క్‌కి ముందు ఉందంటే మాత్రం ఆలోచించక్కర్లేదు, మార్క్ మీదకి వెనక్కి తీస్కురండి.

టర్న్ మొదలవ్వట్లేదు, తొడలు మండిపోతున్నాయి

ఇది ముందుదానికి రివర్స్. బూట్ వెనక్కి ఉంటే టిప్ మీద ప్రెజర్ పెట్టాలంటే ఒళ్ళంతా ముందుకి వంచాలి, గట్టి మంచు మీద టిప్ అటూ ఇటూ తిరుగుతుంటుంది, రోజు సగం అయ్యేసరికి తొడలు అయిపోతాయి. ఎడ్జ్ టిప్ దగ్గర మొద్దుబారినా కూడా అచ్చం ఇలాగే అనిపిస్తుంది, అందుకని ఫస్ట్ ఎడ్జ్ పదును చూస్కోండి.

ఎడ్జ్ బానే ఉంది, గీతలు కూడా కలిశాయి, అయినా ఇలాగే ఉందంటే పాదం సైజు గురించి ఆలోచించాలి. మనం స్కీని తిప్పేది బూట్ మధ్యతో కాదు, బొటనవేలి మొదట్లో ఉండే ఉబ్బు దగ్గర్నుంచి. పెద్ద బూట్‌లో ఆ ఉబ్బు మధ్య గీతకి ఎక్కువ ముందుంటుంది, చిన్న బూట్‌లో తక్కువ ముందుంటుంది. అంటే ఒకే గీత మీద బిగించినా చిన్న పాదం వాళ్ళు నిజానికి కాస్త వెనక నిలబడినట్టు, పెద్ద పాదం వాళ్ళు కాస్త ముందు నిలబడినట్టు. చిన్న బూట్ అయితే అర సెంటీమీటర్ నుంచి ఒక సెంటీమీటర్ ముందుకి జరపడం నా ఉద్దేశంలో సబబే, పెద్ద బూట్ అయితే అంతే వెనక్కి. అంతకు మించి వద్దు, ఎందుకంటే స్కీ వంపు, బిగువు, రాకర్ (చివర్లు పైకి లేచే వంపు) అన్నీ కంపెనీ ఆ గీత చుట్టూనే లెక్కేసి చేస్తుంది.

తోక పట్టేస్తోంది

టర్న్ చివర్లో స్కీ వదలకుండా లోపలికే లాగేస్తుంటే, అవును, బూట్ ముందుకి ఉండటం ఒక కారణం, వెనక తోక పొడవు ఎక్కువైపోతుంది కాబట్టి. కానీ ఇక్కడ మాత్రం నేను గట్టిగా చెప్తా, ముందు బేస్, అంటే స్కీ అడుగుభాగం, చూడండి. ఒక తిన్నటి స్టీల్ స్కేల్‌ని బేస్ మీద అడ్డంగా నిలబెట్టి వెనక నుంచి లైట్ వేయండి. మధ్యలో వెలుతురు కనిపించి రెండు ఎడ్జ్‌ల దగ్గర స్కేల్ ఆనిందంటే బేస్ గుంట పడింది, ఎడ్జ్‌లు ఎత్తుగా ఉన్నాయి, అది పట్టాల మీద బండిలా నడుస్తుంది. దానికి మందు బేస్ గ్రైండింగ్, రీమౌంట్ కాదు. బేస్ సమంగా ఉంటే గోరుని ఎడ్జ్ మీద అడ్డంగా మెల్లగా గీకండి, గోరు తట్టుకుంటుంటే బర్ ఉన్నట్టే, గమ్మీ స్టోన్‌తో (రబ్బరులా ఉండే సానరాయితో) పోతుంది. వేలు మాత్రం ఎడ్జ్ పొడవునా జరపొద్దు, తెగుతుంది.

ఒక స్కీ బాగుంది, రెండోది బాలేదు

ఇది తేల్చడం అన్నింటికంటే ఈజీ. ఎడమ కుడి మార్చి వేస్కుని ఒక రన్ దిగండి. సమస్య స్కీతో పాటు రెండో కాలికి వచ్చిందంటే తప్పు స్కీలోనో మౌంట్‌లోనో ఉంది, రెండు స్కీలకీ తోక చివర నుంచి బూట్ మధ్య గీత దాకా కొలవండి, నాలుగైదు మిల్లీమీటర్లు తేడా ఉంటే బిగించినవాళ్ళ దగ్గరికి తీస్కెళ్ళండి. వేలి భాగం, మడమ భాగం ఒకే లైన్‌లో లేకుండా వంకరగా పడినా ఇలాగే ఉంటుంది, అప్పుడు రిలీజ్, అంటే పడినప్పుడు బైండింగ్ బూట్‌ని వదిలేయడం, కూడా సరిగ్గా జరగదు కాబట్టి ఆ స్కీ వేస్కోకండి. సమస్య కాలి దగ్గరే ఉండిపోయిందంటే బూట్ ఫిట్టింగ్ చూపించుకోవాలి.

బైండింగ్ జరిపాక ఊరికే ఊడిపోతోంది

ఇది మౌంట్ ప్లేస్ సమస్యే కాదు. కొన్ని బైండింగ్స్ కింద అటూ ఇటూ జరపడానికి రైలు (పట్టా) ఉంటుంది, దాని మీద జరిపినప్పుడు మడమ భాగం బూట్‌ని ముందుకి నొక్కే ప్రెజర్ మారిపోతుంది, ఇండికేటర్ దాని గుర్తుల మధ్యలో ఉందో లేదో చూడాలి. బూట్ సోల్ రకం కూడా బైండింగ్‌కి సరిపోవాలి, మామూలు ఆల్పైన్ సోల్ వేరు, గ్రిప్‌వాక్ (నడవడానికి వీలుగా చేసిన సోల్) వేరు, టూరింగ్ సోల్ వేరు. ఇవేవీ చూడకుండా ఊడిపోతోందని డిన్ నంబర్ (బైండింగ్ ఎంత బలానికి బూట్‌ని వదలాలో చెప్పే సెట్టింగ్) పెంచేస్తే పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలు పోతుంది. ఆ నంబర్ బరువు, ఎత్తు, వయసు, సోల్ పొడవు, స్కీ చేసే తీరు అన్నీ చూసి పెట్టేది. మిషన్ మీద రిలీజ్ టెస్ట్ చేయించుకోండి.

జరపాలని తేలితే

హోల్స్ పెట్టకముందే ట్రై చేసే దారి ఉంది. అదే మోడల్ స్కీ రైలు ఉన్న డెమో బైండింగ్‌తో అద్దెకి దొరుకుతుందేమో చూడండి. మార్క్ మీద ఒక రన్, ఒక సెంటీమీటర్ ముందు ఒక రన్, ఒకటి వెనక ఒక రన్, అదే వాలు, అదే మంచు, వీలైతే ఒకే గంటలో. జరిపిన ప్రతిసారీ ప్రెజర్ ఇండికేటర్ చూడాలి. ఎంత జరిపారో మీకు చెప్పకుండా సెట్టింగ్ తెలిసిన ఫ్రెండ్ చేత జరిపిస్తే ఇంకా మంచిది, ముందే తెలిస్తే మనసు నచ్చజెప్పేస్కుంటుంది. ఒక్క సెంటీమీటర్‌కే చాలామందికి తేడా తెలుస్తుంది, తెలియలేదంటే మీ సమస్య మౌంట్ కాకపోవచ్చు.

రీమౌంట్‌కే వెళ్తే కొత్త హోల్స్‌కీ పాత హోల్స్‌కీ మధ్య కనీసం ఒక సెంటీమీటర్ ఉండాలి, లేకపోతే స్క్రూ పట్టు దొరకదు, అందుకే అర సెంటీమీటర్ రీమౌంట్ చాలాసార్లు కుదరదు. డ్రిల్ బిట్ సైజు స్కీ మీదే రాసుంటుంది చాలావాటికి. మెటల్ లేయర్ ఉన్నవాటికి 4.1 మి.మీ., లేనివాటికి 3.5 మి.మీ., లోతు మామూలుగా 9 మి.మీ., ఆ లోతుకి ఆగిపోయే స్టెప్ బిట్టే వాడాలి, మామూలు బిట్‌తో చేస్తే బేస్ చీల్చుకుని బయటికి వస్తుంది. పాత హోల్స్‌లో ప్లాస్టిక్ ప్లగ్, నీళ్ళకి తట్టుకునే జిగురు పెట్టి మూసేయాలి, లేదంటే నీళ్ళు చెక్క లోపలికి దిగి కుళ్ళిపోతుంది. స్క్రూలు చేత్తో బిగించండి, పవర్ డ్రిల్‌తో చివరిదాకా తిప్పితే మర పోతుంది. ఇదివరకే రెండు సెట్ల హోల్స్ ఉన్న స్కీ అయితే నేను మూడోది పెట్టను, ఆ స్కీని అలాగే వాడతా లేదా వదిలేస్తా.