వెనుక ఖాళీకి విరుగుడు

ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ గేమ్‌లో మా జట్టు బంతిని ఎక్కువసేపు తన దగ్గరే ఉంచుకునేది, అయినా ఓడిపోయేది. విశాఖ ఎం.వి.పి. కాలనీలో మా ఇంట్లో తమ్ముడూ నేనూ కూర్చుని, మాపై పడిన గోల్స్ మళ్లీ చూశాం. దాదాపు అన్నీ ఒకే తీరు: మా రక్షణ వరుస మధ్యగీత దాకా ఎక్కేది, ప్రత్యర్థి దాని వెనక్కి ఒక్క పొడవాటి పాస్ వేసేవాడు.

“అన్నయ్యా, మన సెంటర్ బ్యాక్‌ల వేగం చూడు” అన్నాడు తమ్ముడు. వరుస మధ్యలో ఆడే ఆ డిఫెండర్లకు 20కి 9!

వరుసను ఒక మెట్టు కిందికి దించాను. ప్రెస్సింగ్, అంటే బంతి ఉన్న ప్రత్యర్థి మీదికి వెంటనే దూకడం, తగ్గించలేదు, మా ఆటకు అదే ప్రాణం. ఒక మిడ్‌ఫీల్డర్‌ను డిఫెన్స్ ముందే నిలబెట్టాను. పేరున్న స్ట్రైకర్‌ను వదులుకుని, వేగమూ ముందుచూపూ ఉన్న కుర్ర డిఫెండర్‌ను కొన్నాను. గేమ్‌లో ఆటగాళ్లకు చూపే నక్షత్రాల రేటింగ్ మన జట్టుతో పోల్చి సిబ్బంది చెప్పే అంచనా మాత్రమే. ఆటగాడి అంకెలే చూడాలి. గోల్స్ పడటం బాగా తగ్గింది. ఇక కుడివైపు ఫుల్‌బ్యాక్‌ను, అంటే ఆ అంచున ఆడే డిఫెండర్‌ను, వెతకాలి.