క్యోటోలో ఒక కుటుంబంతో ఉంటూ చదువుకునేవారికి

మొదట చెప్పవలసింది రాత్రి భోజనం గురించే. జపాన్‌లోని క్యోటోలో నేను ఏడాది పాటు ఉన్న ఇంట్లో ఒకాసాన్ పొద్దున్నే మూడు 'గో'ల బియ్యం కడిగి కుక్కర్‌కు టైమర్ పెట్టేవారు. ఒకాసాన్ అంటే అమ్మ, ఆ ఇంటావిడను అలాగే పిలిచేదాన్ని. గో అంటే 180 మిల్లీలీటర్ల కొలత. ఆ బియ్యంలో నా అన్నం కూడా ఉండేది. రెండో వారంలో నేను చెప్పకుండా స్నేహితులతో బయట తినేసి తొమ్మిదింటికి ఇల్లు చేరాను. నా గిన్నె మూతపెట్టి ఉంది. ఆవిడా తినకుండా కూర్చున్నారు. ఒక్క మాట కూడా అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే ఇంటికి భోజనానికి వస్తారో రారో పొద్దున్నే చెప్పండి. మధ్యలో మారితే వంట మొదలుకాకముందే కబురు పెట్టండి. గడప దాటేటప్పుడు 'ఇత్తెకిమాసు' అనాలి, అచ్చం మన 'వెళ్ళొస్తాను' లాంటిదే. తిరిగి రాగానే 'తదైమా' (వచ్చేశాను) అనండి, లోపలినుంచి 'ఒకాయెరి' (వచ్చావా) అని వినిపిస్తుంది. ఈ మాటలు గట్టిగా, ఇల్లంతా వినపడేలా అనండి.

శాకాహారులు 'మాంసం తినను' అని ఊరుకుంటే చాలదు. మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూప్‌కు ఆధారమైన 'దాషి' రసాన్ని సాధారణంగా ఎండు చేప తురుముతో కాస్తారు. పైకి చేప ముక్క ఒక్కటీ కనిపించదు. వెళ్ళకముందే ఉత్తరంలో విడమరచి రాయండి. కొంబు అనే ఎండు సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో కూడా దాషి చేయవచ్చు. మా ఒకాసాన్ రాత్రిపూట కొంబు ముక్కను నీళ్ళ కూజాలో వేసి ఫ్రిజ్‌లో ఉంచేవారు. తెల్లారేసరికి నీళ్ళు లేత పసుపు రంగుకు వచ్చేవి. నా ఒక్కదాని కోసం రోజూ ఆ శ్రమ పడ్డారు.

స్నానం తొట్టి బయటే సబ్బుతో రుద్దుకుని, నురగంతా పోయేలా కడుక్కుని, ఆ తర్వాతే వేడినీళ్ళలో దిగాలి. ఆ నీళ్ళు ఇంటిల్లిపాదికీ కాబట్టి వదిలేయకండి. వేడి పోకుండా మూత వేసి రండి. చెత్తలో కాల్చేది నగరపాలక సంస్థ నిర్ణయించిన పసుపు సంచిలోకే వెళ్తుంది. ఏ రోజు ఏది తీసుకెళ్తారో అడిగి రాసిపెట్టుకోండి. ఇల్లు చేరిన 14 రోజుల్లోగా వార్డు కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవడం తప్పనిసరి.

ఇక సేవ చేయాలనుకుంటే 'కొదొమొ షొకుదో'కు వెళ్ళవచ్చు, అంటే పిల్లల భోజనశాల. 2012లో టోక్యోలోని ఓతా వార్డులో ఈ పేరుతో ఒకటి మొదలైంది, ఇప్పుడు దేశమంతటా ఉన్నాయి. పిల్లలకు ఉచితంగానో తక్కువ ధరకో వేడి భోజనం పెడతారు. మీ ఇంటివారిని అడిగితే దగ్గర్లో ఎక్కడుందో చెబుతారు. నన్ను ఒకాసానే వెంటబెట్టుకుని వెళ్ళి పరిచయం చేశారు.

గోళ్ళు కత్తిరించుకుని, ఏప్రాన్, తలగుడ్డ తీసుకుని వెళ్ళండి. మొదటి రోజు నేను క్యారెట్లు చెక్కడం తప్ప ఏమీ చేయలేదు, అదే మేలు. వస్తానన్న శనివారం మానకండి, మీ చేతులను లెక్కపెట్టుకునే ఎంత వండాలో నిర్ణయిస్తారు. పిల్లల ఫొటోలు తీయకండి. వాళ్ళ ఇంటి సంగతులు అడగకండి. ఇంటినుంచి తెచ్చుకున్న పల్లీల పొడి మీకు ఎంత ఇష్టమైనా అక్కడ వడ్డించకండి. వేరుశనగ, గుడ్డు, పాలు, గోధుమ, బక్‌వీట్, రొయ్య, పీత, వాల్‌నట్ పడనివారు ఉంటారని ప్రతి వంటలో చూసుకుంటారు.

అన్నం వడ్డించేటప్పుడు ఎంత కావాలో పిల్లలనే అడగండి. మొదటిసారి గరిట పట్టినరోజు ఒక చిన్నవాడు 'ఒకావరి', అంటే మారు వడ్డించమని, గిన్నె చాచాడు. ఎంత పెట్టమంటావని అడిగితే గిన్నె అంచుకు కాస్త కింద వేలు పెట్టి చూపించాడు. సరిగ్గా అక్కడిదాకా పెట్టాను.