ఒళ్లు నొప్పులకు క్యాల్షియం బిళ్లా? ముందు రక్తం చూపించండి

మా మందుల షాపుకి ఏళ్ల తరబడి వచ్చే ఒక పిన్నిగారు కిందటి నెల ఆసుపత్రిలో చేరారు. నాలుగు రోజులు వాంతులు, మలబద్ధకం, మాటలో తడబాటు. ఇంట్లోవాళ్లు వడదెబ్బ అనుకుని కొబ్బరినీళ్లు పట్టారు. తీరా చూస్తే రక్తంలో క్యాల్షియం 14.2. ఎక్కడైనా 10.5 దాటకూడదు. మెడలో పారాథైరాయిడ్ గ్రంథి మీద గడ్డ. మోకాళ్ల నొప్పులకని ఏడాదిగా రోజూ క్యాల్షియం, ఎనిమిది వారాలకని రాసిన 60,000 యూనిట్ల డి విటమిన్‌ను ఏడాది పొడవునా మింగారు. అమ్మింది నేనే. పాత చీటీ మీద తేదీ చూడలేదు.

మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత ఈ పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. రక్తంలో క్యాల్షియం తగ్గితే పీటీహెచ్ అనే హార్మోన్ వదిలి ఎముకల్లోంచి లాగుతాయి. ఒకదానికి గడ్డ లేస్తే ఆ లాగుడు ఆగదు. క్యాన్సర్ కావడం నూటికి ఒక్కరికి కూడా ఉండదు, ఆ టెన్షన్ వద్దు. కానీ ఎముక గుల్లవుతుంది, రక్తంలో క్యాల్షియం పొర్లుతుంది, కిడ్నీలో రాళ్లు కడతాయి. ఎముక నొప్పి పుడితే మనం ఏం చేస్తాం? క్యాల్షియం లేదనుకుని ఇంకా పోస్తాం. నేను చూసిన తప్పు ఇదే, మళ్లీ మళ్లీ ఇదే.

ఎండల్లో ఇది ఇంకా ప్రమాదం. క్యాల్షియం ఎక్కువైతే మూత్రం ఎక్కువ పోతుంది, దాహం వేస్తుంది. పైన చెమట. ఒంట్లో నీరు తగ్గేసరికి కిడ్నీలు క్యాల్షియాన్ని బయటికి పంపలేవు, అది ఇంకా పెరుగుతుంది. అందుకే వడదెబ్బలా కనిపిస్తుంది.

రిపోర్టు చదవడంలో ఒక మోసం ఉంది. క్యాల్షియం 11 ఉండి, పీటీహెచ్ 50 వచ్చిందనుకోండి. మామూలు హద్దు 15 నుంచి 65 లోపే కాబట్టి ల్యాబ్ వాళ్లు దాన్ని నల్లగా అచ్చు వేయరు. మనం బాగుందని మడిచి బీరువాలో పెట్టేస్తాం. బాగోలేదు. క్యాల్షియం ఎక్కువున్నప్పుడు పీటీహెచ్ అణిగి ఉండాలి. అణగలేదంటే ఆ గ్రంథి మాట వినడం లేదన్నమాట. రెండూ ఒకే రోజు, ఒకే రక్తంలో చూపించండి. ఆల్బుమిన్ కూడా, అంటే రక్తంలో క్యాల్షియాన్ని పట్టి ఉంచే ప్రోటీన్.

స్కాన్ అనేది గడ్డ ఎక్కడుందో వెతకడానికే, జబ్బు ఉందా లేదా తేల్చడానికి కాదు. స్కాన్‌లో కనబడలేదని ఇంటికి వచ్చేయకండి. అమెరికాలో చార్లెస్ మార్టెల్ అనే ఓడ కెప్టెన్‌కి ఆరు ఆపరేషన్లు చేసినా దొరకని గడ్డ, 1932లో ఏడోసారి ఛాతీలో దొరికింది.

నయం చేసేది ఆపరేషనే. చెయ్యి తిరిగిన సర్జన్ అయితే నూటికి 95 మందికి పైగా పూర్తిగా తగ్గుతుంది. గడ్డ తీసిన పది నిమిషాలకు పీటీహెచ్ సగానికి పైగా పడిపోయిందో లేదో థియేటర్‌లోనే చూసే వీలుంది. మీ ఆసుపత్రిలో అది ఉందా అని అడగండి.

ఇక వినండి. రక్తం చూపించకుండా క్యాల్షియం మింగొద్దు. డి విటమిన్ ఇంజెక్షన్ అసలే వద్దు. జుట్టుకు వాడే బయోటిన్ బిళ్ల ఉంటే ముందే డాక్టరుకు చెప్పి, పరీక్షకు కొన్ని రోజుల ముందు ఆపండి, పీటీహెచ్ తప్పుగా తక్కువ చూపిస్తుంది. బీపీ బిళ్లలో హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ ఉన్నాయేమో చూడండి, అవి క్యాల్షియం పెంచుతాయి. సొంతంగా ఆపకండి, డాక్టరుకు చెప్పండి. మానసిక జబ్బుకిచ్చే లిథియం వాడుతున్నా అంతే. పాలు, పెరుగు మానొద్దు. ఆ గడ్డలో సూది గుచ్చనివ్వొద్దు. రాళ్లు రెండోసారి వచ్చాయా? క్యాల్షియం చూపించండి. చిన్న వయసులోనే ఎముక విరిగిందా? చూపించండి. మత్తుగా, తికమకగా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. పాత చీటీతో మందు కొనొద్దు, నా షాపులో అయినా సరే.

పిన్నిగారికి ఆపరేషన్ అయింది. ఆకలిగొన్న ఎముకలు ఇప్పుడు క్యాల్షియాన్ని పీల్చేస్తున్నాయి. పెదాలు, వేళ్ల చివరలు తిమ్మిరెక్కుతుంటే డాక్టరు మళ్లీ ఆ బిళ్లలే రాశారు. వాళ్లబ్బాయి వచ్చాడు. చీటీ తీసుకుని, తేదీ చూసి, ఎన్ని రోజులకో లెక్కపెట్టి అన్నే ఇచ్చాను.