బైక్‌కు కీలెస్ ఇగ్నిషన్ బిగించే ముందు

జేబులో ఫాబ్ (తాళంచెవి బదులు వాడే చిన్న రిమోట్) ఉంటే చాలు, బైక్ ఆన్ అయిపోతుంది. సదుపాయం బాగుంటుంది. కానీ అదే కిట్ లారీని ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడు ఇంజిన్ ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే కొనేముందే ఒక్కటి అడగండి: బండి నడుస్తుండగా ఫాబ్ సిగ్నల్ పోతే ఏమవుతుంది? బీప్ కొడితే సరే. ఇంజిన్ ఆపే కిట్ అయితే వద్దే వద్దు.

వైర్ల రంగులు చూసి నమ్మకండి, మల్టీమీటర్‌తో తేల్చుకోండి. ముఖ్యంగా కొన్ని సీడీఐ (స్పార్క్ ఇప్పించే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్న బండ్లలో తాళం ఆఫ్‌లో ఉన్నప్పుడు ఒక వైరు బాడీ ఎర్త్‌కు కలిసి ఉంటుంది, ఆన్ చేయగానే విడిపోతుంది. అది ఇంజిన్‌ను ఆపే వైరు. పొరపాటున దానికి 12 వోల్టులు ఇచ్చారా, సీడీఐ కాలిపోవచ్చు. దానికి విడిగా ఐదు పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి, దాని 30 నంబరు పిన్నును ఆ వైరుకు, 87ఏ పిన్నును ఎర్త్‌కు కలపాలి. తాళంచెవిలోనే చిప్ ఉండే ఇమ్మొబిలైజర్ బండి అయితే అసలు చేయి పెట్టకండి.

వైర్లు గుర్తించాక బ్యాటరీ నెగటివ్ విప్పి పని మొదలుపెట్టండి, చివర్లోనే మళ్లీ బిగించండి. హెడ్‌లైట్, ఇగ్నిషన్ కాయిల్ లాగే కరెంటు కిట్ మాడ్యూల్ (కంట్రోల్ పెట్టె) గుండా పోకూడదు, రిలే మోయాలి. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గర్లో ఉండాలి. సైడ్ స్టాండ్, క్లచ్ స్విచ్‌లను బైపాస్ చేయొద్దు.

మెలిపెట్టి టేప్ చుట్టిన జాయింట్లను నేను ఒప్పుకోను. రెండు వానాకాలాలు పోయాక ఆ టేప్ విప్పి చూడండి, లోపల రాగి పచ్చబడి పొడి రాలుతుంది. క్రింప్ చేసి (లోహపు గొట్టంలో వైర్లు పెట్టి నొక్కి), పైన హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) వేయండి. హ్యాండిల్‌ను ఇటు చివర నుంచి అటు చివరకు తిప్పి, వైరు ఎక్కడా లాగుకుపోవడం లేదని చూసుకోండి.

బండి ఆపాక కూడా కిట్ కరెంటు తాగుతుంది. 20 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ పది రోజుల్లో ఖాళీ.

పాత తాళం కప్లర్‌ను (వైర్లు కలిసే ప్లగ్‌ను) కోయకుండా ఉంచండి, అవసరమైతే మళ్లీ తగిలించుకోవచ్చు. స్టీరింగ్ లాక్ జోలికి పోవద్దు.

అంతా అయ్యాక ఆరుబయట సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ నడుస్తుండగా ఇంకొకరిని ఫాబ్ పట్టుకుని దూరంగా నడవమనండి. తర్వాత ఫాబ్ సెల్ తీసేయించండి. రెండుసార్లూ ఇంజిన్ ఆగకపోతేనే బండి రోడ్డెక్కాలి.